లోపలి నంజు

"రోగనిరోధక శక్తి" అన్న మాటను నేను మొదటిసారి చదివింది కరోనా కాలంలో, మా వీధి చివర మందుల అంగడికి కట్టిన బ్యానరు మీద. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినదాన్ని. పెద్ద మాట కనబడితే వదలను, నిలబడి కూడబలుక్కుంటాను. రో, గ, ని, రో, ధ, క. చదవడం ముగించేసరికి నా వెనక వచ్చినవాళ్ళు మందులు కొనుక్కుని వెళ్ళిపోయారు. చదివేశానని ఆ రోజు ఎంత సంతోషపడ్డానో, ఇప్పుడు ఆ మాట వింటే అంత ఒళ్ళు మండుతుంది. మా ఆయన ఆయాసం గురించి పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆ మాటే పట్టుకుని వచ్చారు. అది బావిలో నీళ్ళలాంటిదట. ఎంత ఊరితే అంత మంచిదట. ఎవరికీ ఎప్పుడూ ఎక్కువ కాదట.

మాది దూదేకులవాళ్ళ ఇల్లు. కదిరిలో చిన్న పరుపుల అంగడి ఉంది. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని మిషన్‌లో వేసి ఏకి, మళ్ళీ నింపి కుట్టడం మా ఆయన పని. అంగడి ముందు సగం, ఇల్లు వెనక సగం. మిషన్ తిరిగితే దూది నూగు గాలిలో లేచి అన్నం కుండ దాకా వస్తుంది. ఆషాఢం గాలి మొదలైతే ఇక చెప్పక్కరలేదు. వాన రాకపోయినా ఎర్రమట్టి మాత్రం తప్పకుండా వస్తుంది. ఆ గాలిలో ఆ నూగులో మా ఆయన ఏండ్ల తరబడి దగ్గుతూనే పనిచేశాడు. మూతికి గుడ్డ కట్టుకోమంటే నవ్వేవాడు.

"మా నాయన కట్టినాడా? మా తాత కట్టినాడా? దూదేకులోనికి దూది పడకపోతే ఇంగ ఎవనికి పడతాదే?"

వాళ్ళ నాయనా దగ్గి దగ్గే పోయాడు.

ఒక మధ్యాహ్నం గోరంట్ల వైపు నుంచి ఎవరో పాత పరుపు తెచ్చారు. ఎన్నేండ్లు మూలన పడి ఉందో, ఎలుకలు కూడా కాపురం చేసినట్టుంది. మా ఆయన కుట్లు కోసి దులపగానే బూడిదలాంటి దుమ్ము ఒక్కసారిగా లేచింది. నేను వెనక పొయ్యి దగ్గర ఉన్నాను. దగ్గు వినబడింది. అది నాకు అలవాటే. తర్వాత దగ్గు ఆగిపోయింది. ఆగిపోయినందుకే భయమేసి పరుగెత్తుకొచ్చాను. మనిషి నేల మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు చెవుల దాకా ఎగబట్టి గాలి కోసం పెనుగులాడుతున్నాడు. రొమ్ములో పిల్లికూతలు వాకిట్లోకి వినబడుతున్నాయి.

"ఆ... ఆటో..." అన్నాడు. ఆ ఒక్క మాటకే ఊపిరి చాలలేదు.

ఆసుపత్రిలో ముక్కుకూ నోటికీ మూత పెట్టి ఆవిరి మందు పట్టారు. మెల్లగా భుజాలు దిగాయి, పెదవులకు రంగు వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పక్కన నిలబడి చూసి, ఇది ఉబ్బసం, ఊపిరి గొట్టాల లోపలి గోడలు వాచి ఉన్నాయి అని చెప్పారు.

"దుమ్ము పోయి అంటుకున్నిందా మేడమ్?" అన్నాను.

"దుమ్ము చేసింది కొంచెమేనమ్మా. ఆయన ఒళ్ళు తనకు తాను చేసుకున్నదే ఎక్కువ."

అది నాకు ఎక్కలేదు. ఎక్కకపోతే ఎక్కలేదని చెప్పేస్తాను, అందులో నాకు సిగ్గులేదు. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని మొదటి నుంచి చెప్పారు. ఊపిరి గొట్టానికి లోపల ఒక పొర ఉంటుందట. దుమ్ము తగిలితే ఆ పొర ఊరుకోదు, లోపలికి కబురు పంపుతుంది. కబురంటే నోటి మాట కాదు, ఒక పదార్థం, ఒక రకం ప్రోటీన్.

"ప్రోటీనంటే పప్పు, గుడ్డు, చెనిక్కాయలు కదా మేడమ్? అంగన్‌వాడీ గోడ మీద రాసిండారు, నేను చదివినా."

ఆవిడ నవ్వారు. "అవి తినే ప్రోటీన్లమ్మా. మన ఒళ్ళు తనకోసం తయారుచేసుకునేవి బోలెడున్నాయి. వాటిలో కబుర్లు మోసే రకం ఇవి. ఇంటర్‌ల్యూకిన్లు అంటాం."

ఆ మాట నేను ఇంటికొచ్చాక పాత క్యాలెండరు వెనక రాసుకున్నాను. "ల్యూ" దగ్గర చాలాసేపు తంటాలు పడ్డాను. వాటికి వేరువేరు పేర్లు కూడా లేవట, బస్సులకున్నట్టు నంబర్లే. నాలుగో నంబరుది వెళ్ళి ఈ దుమ్ము మన శత్రువు, గుర్తుపెట్టుకోండి అని ఒంటికి నేర్పుతుందట. ఐదో నంబరుది ఎముకల మూలుగ నుంచి ఒక రకం తెల్లకణాలను పిలుచుకొచ్చి, వచ్చినవాటిని తొందరగా చావనివ్వకుండా కాపాడుతుందట. పదమూడోది కఫం ఊరిస్తుంది, గొట్టం చుట్టూ ఉన్న కండను చీటికిమాటికి బిగుసుకునేలా చేస్తుంది. పిలవగానే వచ్చిన తెల్లకణాలకు అక్కడ కొట్టడానికి శత్రువే ఉండడు. వచ్చినందుకు ఊరికే పోవు కదా, గొట్టం గోడనే గాయం చేస్తాయి. గాయమైన గోడ మళ్ళీ కబురు పంపుతుంది.

విన్నకొద్దీ నాకు కోపమొచ్చింది. దొంగ లేని ఇంట్లో ఎవరో దొంగ దొంగ అని అరిస్తే ఊరంతా కర్రలతో వచ్చి ఉన్న కుండలు పగలగొట్టిపోయినట్టుంది ఇది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆయన ఒంటి మీదనా?

డాక్టరమ్మ రెండు పంపులు రాసిచ్చారు, నోట్లో పెట్టి పీల్చేవి. నీలం పంపు ఆయాసం వచ్చినప్పుడు. అది బిగుసుకున్న కండను వదులు చేస్తుంది, వెంటనే హాయిగా ఉంటుంది. ఇటుకరంగు పంపు రోజూ పొద్దునా సాయంత్రం. అది ఆ కబుర్లు పుట్టడాన్నే తగ్గిస్తుంది, వాపు దించుతుంది. పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. బాగున్నా పీల్చాలి, పీల్చాక నోరు పుక్కిలించాలి. లేచేటప్పుడు ఇంకో మాట చెప్పారు.

"ఆపేస్తే కబుర్లు మళ్ళీ మొదలవుతాయి. ఇట్లా ఏండ్ల తరబడి వాచి వాచి గోడ మందమైపోతే ఆ గొట్టం మళ్ళీ మునుపటిలా కాదమ్మా. ఇంకోసారి ఇంత గట్టిగా వస్తే, మీరు ఇక్కడికి చేరేలోపు ఏమవుతుందో నేను చెప్పలేను."

నేను విన్నది ఆ చివరి మాట. మా ఆయన విన్నది నీలం పంపు మాట.

నీలం పంపు ఆయన అంగీ జేబులో చేరింది. బీడీకట్ట ఉండాల్సిన చోట దర్జాగా కూర్చుంది. ఇటుకరంగుది కిటికీలో నూగు పట్టి పడి ఉంది. అడిగితే ఒకటే మాట.

"దాన్ని పీల్చినా ఏమీ కాల్యా, పీల్చకపోయినా ఏమీ కాల్యా. ఇంగ యాలే అది?"

"లోపల వాపు ఉండాది. అది దిగాల."

"వాపు యాడుండాది? కాళ్ళు చూడు. మొగం చూడు. ఎండిన చింతబరికె మాదిరి ఉండా. నాకు వాపంట!"

నిజమే, మనిషి చింతబరికెలాగే ఉన్నాడు. వాపంటే మావాళ్ళకు కాళ్ళు నీరుపట్టడం, మొహం ఉబ్బడం. వేలితో నొక్కితే గుంట పడాలి. కనపడని వాపును ఎవరూ ఒప్పుకోరు. నేను కబుర్ల సంగతి చెప్పాను, నంబర్లు చెప్పాను, క్యాలెండరు తెచ్చి చూపించాను. ఆయన దాన్ని తిప్పి ముందువైపు పండగలు చూసుకున్నాడు.

అట్లాంటి సమయంలో మా వదిన దిగింది, ఆయన అక్క. తమ్ముడంటే ప్రాణం, నేనంటే అంతంతమాత్రం. చేతిలో ఏదో కషాయం పొడి పొట్లం.

"ఏం తమ్ముడా, ఇట్ల తగ్గిపోయినావే! నీకు ఇమ్యూనిటీ ల్యా. అందుకే ఈ ఆయాసం. ఇది రోజూ పొద్దున్నే తాగు."

"వదినా, ఆయనకు అది తక్కువై కాదు. దారి తప్పి ఎక్కువైనందుకే ఈ ఆయాసం. డాక్టరమ్మ చెప్పినాది."

"ఓయమ్మా! ఇమ్యూనిటీ యాడన్నా ఎక్కువైతాదా? దుడ్లు ఎక్కువైనాయని ఎవరన్నా ఏడుస్తారా?"

మా ఆయన పకపకా నవ్వాడు. నవ్వి దగ్గాడు. దగ్గి నీలం పంపు పీల్చాడు. వదిన కిటికీలోని ఇటుకరంగు పంపు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్లో స్టెరాయిడ్ ఉండాదంట గదా. ఇమ్యూనిటీని తినేస్తాదంట. నా తమ్ముని ఒంట్లో ఉండే ఆ కాస్తా పోగొడతాండావా అమ్మే?"

"మందు శానా కొంచెం వదినా. అది పోయేది గొట్టాలకే."

"నువ్వు పోయి చూసొచ్చినావా గొట్టాల్లోకి?"

ఆ ఇద్దరూ ఒక తల్లి పిల్లలే. ఎదుటివాళ్ళ నోరు మూయించడంలో ఒకటే పనితనం. ఇమ్యూనిటీ పెంచాలని అక్క కషాయం, దాన్ని అణచాలని డాక్టరమ్మ పంపు. మధ్యలో నేను. ఏది ఎందుకో చెప్పబోతే, నాలుగు అక్షరాలు నేర్చుకుని డాక్టరయిపోయిందని ఎగతాళి. మా ఆయన అక్క పొడి తాగాడు. ఇటుకరంగు పంపు ముట్టనేలేదు. పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యాయి. జేబులో పంపు తీయడం ఎక్కువైంది. మెట్టు ఎక్కితే తీస్తాడు, మిషన్ తిప్పితే తీస్తాడు, నమాజుకు వంగి లేచి తీస్తాడు. నీలం పంపు కండను వదులు చేస్తుందే గాని కబుర్లను ఆపదు. లోపల గోడ వాస్తూనే ఉంది. నాకు అది కళ్ళకు కట్టినట్టు తెలుస్తోంది. ఆయనకు చెప్పడానికి నా దగ్గర మాట లేదు. అంత పెద్ద తెలుగులో ఈ మనిషికి ఎక్కే మాట ఒక్కటి లేదా అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఆ మాట దబ్బనం తెచ్చింది. పరుపు కుట్టే దబ్బనం మా ఆయన బొటనవేలిలో దిగింది. పసుపు అద్ది ఊరుకున్నాడు. తెల్లారేసరికి వేలు ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది, ముట్టుకుంటే ఉడుకుతోంది. మా వైపు దీన్ని నంజెక్కడం అంటారు. ముల్లు గుచ్చుకున్నా, గోరుచుట్టు లేచినా, పుండు మానకుండా సలుపు పెట్టినా నంజే. నంజు అంటే పసిబిడ్డలకు కూడా భయమే. మా ఆయన వేలు పైకెత్తి పట్టుకుని, చంటిబిడ్డను మోస్తున్నట్టు మోస్తూ ఇంట్లోకి వచ్చాడు.

"నంజెక్కింది మే. ఏమన్నా కట్టు."

నేను ఆ వేలును చూశాను. దబ్బనాన్ని చూశాను.

"దబ్బనం మొన ఎంతుండాది?"

"ఏం ప్రశ్నే అది? ఇంత."

"వేలు ఎంత లావైనాది?"

"కనపడ్డంల్యా? వంకాయంత."

"మరి దాన్ని లావు చేసింది దబ్బనమా? దబ్బనం అప్పుడే బయటికి వచ్చేసినాది గదా. ఇంగా యాల వాస్తాంది?"

ఆయన ఆలోచించాడు. "ఒళ్ళు. ఒళ్ళు ఊరుకోదు గదా. నెత్తురంతా ఆడికే పరిగెత్తుతాది."

"ఎవరు పిలిస్తే పరిగెత్తుతాది? అదేనయ్యా కబురు! నీ ఊపిరి గొట్టాల్లో కూడా ఇదే. దుమ్ము దబ్బనం మొనంత. దాన్ని చూసి నీ ఒళ్ళు చేసుకునేది ఈ వేలంత. నీకు లోపల నంజెక్కింది."

మా ఆయన వేలును చూసుకున్నాడు. రెండో చెయ్యి మెల్లగా రొమ్ము మీదికి పోయింది. మొహంలో రంగు మారింది.

"లోపల నంజా?" అన్నాడు. "ముందే చెప్పకూడదా? వాపు వాపు అంటాండావు."

ఆ సాయంత్రమే కిటికీ దగ్గరికి పోయి పంపు దులిపి, నోట్లో పెట్టుకుని పీల్చాడు. నోరు పుక్కిలించి, ఇంకోసారి పుక్కిలించాలా అని నన్నే అడిగాడు. నాకు ఎంత గర్వం వచ్చిందో. డాక్టరమ్మ చెప్పలేనిది, క్యాలెండరు చెప్పలేనిది, నేను ఒక్క మాటతో చెప్పేశాను.

ఆ గర్వం వదిన రావడంతో పోయింది. తమ్ముడికి లోపల నంజని విని గుండెలు బాదుకుంది. వెంటనే పథ్యం మొదలు. నంజుకు వంకాయ పనికిరాదు. గోంగూర పనికిరాదు. చేపలు, గుమ్మడికాయ, చెనిక్కాయల చట్నీ, అన్నీ నంజు పెంచేవే. పైపుండుకే అవి మానాలంటే, లోపలి పుండుకు వాసన కూడా తగలకూడదట. చెనిక్కాయలు పండే ఊళ్ళో చెనిక్కాయల చట్నీ లేకుండా సంగటి ఎట్లా మింగాలో ఆవిడ చెప్పలేదు. బీరకాయ, సొరకాయ, చారు. మళ్ళీ బీరకాయ.

"వదినా, ఇది తిండితో వచ్చే నంజు కాదు."

"నంజు అని నువ్వే గదమ్మే చెప్తివి! నంజులో మళ్ళ రకాలుంటాయా?"

మాట నాదే. ఆ మాట ఒంటరిగా రాలేదు, పథ్యాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. డాక్టరమ్మకు చూపించడానికి పోయినప్పుడు ఈ గొడవంతా చెప్పాను. ఆవిడ మా ఆయన రొమ్ము విని, ఊపిరి కొలిచే పరికరంలోకి ఊదించి చూసి, చాలా మెరుగైందన్నారు. వంకాయ తినండి, చట్నీ తినండి, పడని తిండి మీకేమీ లేదు, పంపు మాత్రం మానవద్దు అన్నారు. మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఆటో ఎక్కగానే, "సదువుకున్నోళ్ళకు నంజు సంగతి యాడ తెలుస్తాది పాపం" అన్నాడు.

అయినా ఊరుకున్నాను. పిల్లికూతలు పోయాయి. మిషన్ దగ్గర మూతికి గుడ్డ కట్టుకుంటున్నాడు, నంజు మీద నూగు పడకూడదని. నీలం పంపు జేబులో ఉందో లేదో కూడా మరిచిపోయాడు. టీ అంగడిలో కూర్చుని, వంకాయ మానితే ఆయాసం పోతుందని ఊరందరికీ వైద్యం చెబుతున్నాడని విన్నాను. పళ్ళు కొరుక్కున్నాను. పొద్దునా సాయంత్రం ఆ పంపు ఇచ్చేది నేను, పుక్కిలించడానికి చెంబు అందించేది నేను, పేరు మాత్రం వంకాయకు. పోనీలే, ఊపిరి ఆడుతోంది అనుకున్నాను.

మొన్నొక రోజు సంతకు పోయి వచ్చాడు. హుషారుగా ఉన్నాడు. సంచి నా ముందు పెట్టి బోర్లించాడు. నవనవలాడే గుత్తి వంకాయలు.

"కారం కూరి చెయ్యి మే. నోరు చచ్చిపోయినాది."

నాకు సంతోషం కలగాలి. నాకూ బీరకాయ మొహం మొత్తింది. కానీ పథ్యం వదిలినవాడు ఇంకేం వదిలాడో అనిపించింది. కిటికీ వైపు చూశాను. పంపు అక్కడ లేదు.

"యాడ పెట్టినావు దాన్ని?"

"పెట్టెలో ఏసినాలే. ఇంగ దాంతో పనేముంది? నంజు మానిపోయినాది. పథ్యం అయిపోయినాది, మందూ అయిపోయినాది. మానిన పుండుకు మందు పూస్తారా ఎవరన్నా?" అంటూ బొటనవేలు చూపించాడు. గుచ్చుకున్న చోట మచ్చ కూడా లేదు.

పథ్యం, మందు రెండూ కలిసి మొదలై కలిసి ముగియాలి. మా లెక్కలో అది సరైనదే. అయినా చెప్పి చూశాను. కబుర్లు ఆగినట్టు కనపడుతున్నాయంతే, పంపు ఆపితే మళ్ళీ పుడతాయి, అన్నాను. గోడ మందమైపోతుంది అన్నాను. డాక్టరమ్మ చెప్పింది గుర్తులేదా, ఆసుపత్రికి చేరేలోపు ఏమవుతుందో అన్నది మరిచిపోయావా అని అరిచాను.

"నీకు కనపడతాండాయా ఆ కబుర్లు?"

"కనపడవు."

"నాకూ కనపడవు. వంకాయలు కనపడతాండాయి. చెయ్యి."

ఆయన ఆటో కోసం నోరు తెరిచి మాట రాక కూర్చున్న ఆ మధ్యాహ్నం నా కళ్ళ ముందు తిరిగింది. నేను కింద కూర్చున్నాను. వంకాయలన్నీ ఒక్కొక్కటే ఏరి మళ్ళీ సంచిలో వేశాను. సంచి మూతి గట్టిగా ముడివేశాను.

"యాలే, ఏం చేస్తాండావు?"

"నంజు పోల్యా," అన్నాను. "లోపల పుండు ఇంగా పక్కు కట్టల్యాదని డాక్టరమ్మ నాతో చెప్పినాది. నీకు చెప్తే భయపడతావని ఊరుకుంటి."

ఆవిడ అట్లాంటి మాట ఏదీ చెప్పలేదు. మా ఆయన మొహం చూస్తే జాలేసింది. సంచినీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"పక్కు కట్టల్యాదా?"

"ల్యా."

"ఇంగెన్నాళ్ళంట?"

"పచ్చిపుండు మీద వంకాయ తినేసి చావాలనుంటే తిను. నాకేం?"

ఆయన గొణుక్కుంటూ లేచి పెట్టె తెరిచాడు. మూత చప్పుడైంది. పీల్చిన చప్పుడైంది. చెంబు కోసం చెయ్యి చాపాడు, ఇచ్చాను. నేను వంకాయల సంచి పక్కింటివాళ్ళకు ఇచ్చేసి వచ్చాను. ఇంటర్‌ల్యూకిన్లకూ వంకాయకూ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. ఆ సాయంత్రం వాళ్ళ పొయ్యి మీది కారం వాసన గోడ దాటి వస్తుంటే, మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బీరకాయ తిన్నాం.